మొదటి వేషాన్ని లోపలికి పంపిన జ్ఞానాంబ

జ్ఞానాంబకు ఏదైనా సగం చూపించి సగం దాచిపెడితే అన్నం సహించదు. చిన్నప్పుడు ఊళ్లోకి గడియారాలు బాగుచేసేవాడు వస్తే, వాడు నీళ్లు తాగడానికి లేచిన సందులో వాడి పెట్టెంతా తెరిచి చూసిందని వాళ్ల నాయన వీపు వాయగొట్టాడు. అయినా బుద్ధి మారలేదు. బడి మూడో తరగతిలో మానేసింది గానీ, అడగడం మానలేదు.

వరదయ్యపాళెం దాటి లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె వాళ్లది. భర్త మునిరామయ్య ముప్పై ఏళ్లు ధర్మరాజుల తిరునాళ్లలో భారతం ఆడినవాడు. దుర్యోధనుడి వేషం కట్టి మీసం దువ్వాడంటే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు. ఇంట్లో ఆ మీసానికి అంత మర్యాద లేదనుకోండి. ఆయన తెర ముందు గంతులేస్తుంటే జ్ఞానాంబ తెర వెనక ఉండేది. రంగులు నూరేది, కిరీటాల తాళ్లు బిగించేది, ఎవరి తర్వాత ఎవరు పోవాలో చెప్పి వీపు మీద చెయ్యేసి తోసేది. ముప్పై ఏళ్లలో ముందు కూర్చుని ఆట చూసింది ఒక్కనాడూ లేదు.

అందుకేనేమో, ఆమెకొక పిచ్చి పట్టుకుంది. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడల్లా ఊరంతా మిద్దెలెక్కుతుంది. తాటిచెట్ల పైన నిప్పుగీత ఒకటి కనిపిస్తుంది, కాసేపటికి కిటికీలు అదురుతాయి, జనం దిగిపోతారు. జ్ఞానాంబకు మాత్రం ఒళ్లు మండేది.

"చెట్లు దాటినాక సూసేదేముండాది? నేల మీంచి ఎట్ట లేస్తాదో అది గదా సూడాల. అంత బరువు, మొదట్లో రవ్వంత తడబడతాదా, లేకపోతే దిగ్గున లేస్తాదా?" అని అడిగేది. చెప్పేవాడు ఊళ్లో ఒక్కడూ లేడు.

ఆ శ్రీహరికోటలోనే జనం కూర్చుని చూడడానికి మెట్లు కట్టారనీ, కంప్యూటర్‌లో పేరు రాయించుకుంటే లోపలికి పంపిస్తారనీ కోడలు నవీన చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో వేరే మాట లేదు. రెండుసార్లు రాయించబోయారు. మొదటిసారి కరెంటు పోయింది. రెండోసారి నవీన తన ఫోన్‌లో ప్రయత్నించింది. ఆ పేజీ తిరిగి తిరిగి తెరుచుకునే లోపల సీట్లు నిండిపోయాయి. ఇది మూడోసారి. బుధవారం పొద్దున పదింటికి పేర్లు తీసుకోవడం మొదలు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే మళ్లీ మిద్దే గతి.

నవీన బళ్లకు ప్రశ్నపత్రాలు టైపు చేసి పంపుతుంది. ఆ పల్లెలో సిగ్నల్ ఇళ్లలోకి దిగదు. అందుకని ఆమె దగ్గర ఒక డొంగల్ ఉంది. వేలెడంత ఉంటుంది, లోపల సిమ్ కార్డు, కంప్యూటర్‌కు గుచ్చితే నెట్ వస్తుంది. దానికి పొడుగు వైరు తగిలించి, మిద్దె మీద వెదురుగడకు కట్టి, వాన పడకుండా పైన పెరుగు డబ్బా బోర్లించింది. మూడేళ్లుగా అదే వాళ్ల నెట్.

ఆ బుధవారం తొమ్మిదింటికి నవీన కంప్యూటర్ తెరిచి, కాసేపు మీటలు నొక్కి, తల పట్టుకుంది.

"అత్తా, నెట్ రాలేదు."

"ఎందుకు రాదు? మొన్న గూడా వచ్చిందే!"

"మొన్న ఆదివారం తడ నించి కంప్యూటర్లు బాగుజేసే జానీ బాషా వచ్చి కొత్త విండోస్ ఎక్కించిపోలేదా? అప్పుట్నించి డొంగల్ వాడలేదు. ఇప్పుడు సూస్తే ఈ కంప్యూటర్ దాన్ని గుర్తు పట్టడంలే."

వైరు పీకింది, పెట్టింది. మళ్లీ పీకింది, పెట్టింది. ప్రతిసారీ కంప్యూటర్ టుంగుమంటుంది, తెర మీద ఒక గుండ్రటి బిళ్ల బొమ్మ వస్తుంది, అంతే. బొమ్మ మీద నొక్కితే ఏదో ఎక్కిస్తున్నట్టు గీత నిండుతుంది, చివర నెట్ తెచ్చే మోడెం దొరకలేదంటుంది.

మునిరామయ్య వాకిట్లో మంచం మీద పడుకుని నవ్వాడు. "మన మిద్దె యాడికన్నా పారిపోయిందా? దానికెక్కి సూడరాదూ!"

"నువ్వు పక్కకు తిరిగి పడుకో. దుర్యోధనుడికి మడుగులో దాక్కునేది తప్ప ఇంకేం తెలుసు?" అంది జ్ఞానాంబ.

నవీన సిగ్నల్ కోసం వాకిట్లోకి పోయి జానీ బాషాకు ఫోన్ చేసింది. అతను అవతలి నుంచి అరిచి చెబుతున్నాడు.

"అది పాత డొంగలమ్మా. మొదట సీడీ మాదిరి వస్తాది. దాని సాఫ్ట్‌వేర్ దాంట్లోనే ఉంటాది. అది ఎక్కినాక సీడీ పోయి మోడెంగా మారాల. కొత్త విండోస్‌లో అది మారడంలే. పడేసి వేరేది కొనుక్కోండి."

"ఇప్పుడు యాడ కొనేదన్నా? ఇంకో ముప్పావు గంటే ఉండాది!"

"నేనేం చేసేదిమ్మా?" అని పెట్టేశాడు.

లోపలికి వచ్చేసరికి నవీన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జ్ఞానాంబ మాత్రం ఏడవలేదు. తెరకు ముక్కు ఆనించి ఆ బిళ్ల బొమ్మను చూస్తోంది.

"ఏమ్మే, మనం సీడీ ఏమీ పెట్టలేదు గదా. మరి ఈ బొమ్మ ఎవురిది?"

"డొంగల్‌దే అత్తా. అన్న చెప్పినాడు గదా, అదే సీడీ మాదిరి వస్తాదంట. తర్వాత అదే మోడెం అవుతాదంట."

"ఒకే మనిషి, రెండు వేషాలు!"

"ఏంది?"

"మన ఎల్లప్ప లేడా? మేళంలో మనుషులు సాలక వాడే మొదట వినాయకుడు, వాడే తర్వాత కృష్ణుడు. ఒక ఏడు జనం ఈలలేసినారని వాడు వినాయకుడి వేషంలోనే గంతులేస్తా నిలబడిపోయినాడు. కృష్ణుడు రావాల, రాడు. యాడ్నించి వస్తాడు? ఆ కృష్ణుడు గూడా వాడే గదా! నేను తెర కింద నించి చెయ్యి పెట్టి వాడి పంచె పట్టి లోపలికి లాగినాను." జ్ఞానాంబ తెర మీది బొమ్మను వేలితో పొడిచింది. "ఇది గూడా పోకుండా నిలబడి ఉండాది. దీన్ని లోపలికి పంపే మీట ఏమన్నా ఉందేమో సూడు."

నవీన బొమ్మ మీద మౌస్ కుడి పక్క నొక్కింది. వరసగా మాటలు వచ్చాయి. "ఎజెక్ట్ అని ఉండాదత్తా. సీడీని బయటికి తోసేస్తాది. కానీ అది కొడితే డొంగల్ పూరాగా పోతే?"

"ఇప్పుడు ఉండి ఏం ఊడబొడుస్తా ఉండాది? ఉండు, నేను మిద్దెక్కి దాని లైటు సూస్తా. నేను సెప్పేదాకా కొట్టొద్దు."

మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కింది. పెరుగు డబ్బా ఎత్తి చూసింది. డొంగల్ లైటు పచ్చగా మిణుకుమంటోంది. పైనుంచి అరిస్తే లోపల నవీనకు వినబడలేదు. చివరికి మధ్యలో మునిరామయ్యే లేచి నిలబడవలసి వచ్చింది.

"కొట్టమను!" అంది జ్ఞానాంబ పైనుంచి.

"కొట్టమంటా ఉండాదీ!" అని దుర్యోధనుడి గొంతుతో పక్క వీధిదాకా వినిపించాడు.

బొమ్మ పోయింది. తెర మీద ఏమీ లేదు. పైన లైటు ఆరిపోయింది.

"మామా, పూరాగా పోయింది! వైరు పీకి మళ్లీ పెడతానని అత్తకు సెప్పు!"

ఆ మాట చేరగానే జ్ఞానాంబ పిట్టగోడ మీంచి సగం వంగింది. "దాన్ని తాకొద్దని సెప్పబ్బా! పీకి పెడితే మళ్లీ మొదటి వేషమే వస్తాది. ఇంతసేపు సేసింది అదే గదా! వాడు లోపలికి పోయినాడు, కిరీటం మార్చుకోవద్దా? రవ్వంత ఊపిరి పట్టుకోమను!"

ముగ్గురూ మూడు చోట్ల ఊపిరి పట్టుకున్నారు. చాలాసేపటికి డబ్బా కింద ఒక నలుసు వెలిగింది. పచ్చ కాదు, నీలం.

"నీలమొచ్చింది! కృష్ణుడొచ్చినాడు!"

కింద కంప్యూటర్ టుంగుమంది. ఈసారి బిళ్ల బొమ్మ రాలేదు. మూలన మోడెం దొరికిందని చిన్న అక్షరాలొచ్చాయి. నవీన కనెక్ట్ మీట నొక్కింది. పదికి నాలుగు నిమిషాలుండగా పేజీ తెరుచుకుంది.

పది కాగానే నవీన వేళ్లు పరుగెత్తాయి. అత్త పేరు, తన పేరు, ఆధార్ నంబర్లు. మునిరామయ్య మెల్లగా వచ్చి వెనక నిలబడ్డాడు.

"నా పేరు?"

"నీకెందుకు? మిద్దె యాడికీ పారిపోలేదు గదా," అంది జ్ఞానాంబ. ఆయన మీసం వాలిపోవడం చూసి, "రాయిమ్మే, పాపం. మధ్యలో కేకలేసినాడు," అంది.

మూడు సీట్లూ దొరికాయి.

రాకెట్ లేచే రోజు సూళ్లూరుపేట దాకా బస్సు, అక్కణ్నించి ఇంకో బస్సు. మెట్ల మీద వేలమంది. చెట్లకు అవతల దూరంగా రాకెట్ సన్నగా, అగ్గిపుల్లలా కనిపిస్తోంది. జ్ఞానాంబ ఎండలో రెప్ప వేయకుండా కూర్చుంది. మైకులో అంకెలు దిగుతున్నాయి. అయిదుకు వచ్చేసరికి ముందు మెట్టు మీది పొడుగాటి మనిషి ఫోన్ పైకెత్తి లేచి నిలబడ్డాడు. జ్ఞానాంబ ముందు వాడి వీపు తప్ప ఏమీ లేదు.

ముప్పై ఏళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే పోయి వాడి చొక్కా అంచు పట్టి కిందికి లాగింది. వాడు దబ్బున కూలబడ్డాడు.

"కూచో నాయనా! నీ వేషం కాదు ఇప్పుడు."

వాడు తిట్టబోయే లోపల అవతల నేల మీద వెలుగు పుట్టింది. చప్పుడు లేదు. రాకెట్ లేచీ లేవనట్టు రవ్వంతసేపు అక్కడే నిలబడింది, పోవాలా వద్దా అని ఆలోచించినట్టు. తర్వాత లేచింది. చప్పుడు ఆ వెనక వచ్చి రొమ్ము మీద గుద్దింది.

"తడబడతాది!" అని అరిచింది జ్ఞానాంబ. "నేను సెప్పలా? మొదట్లో రవ్వంత తడబడతాది!"

మునిరామయ్య నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. మొదటి భాగం విడిపోయిందని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. జ్ఞానాంబ కొట్టలేదు. కోడలి మోచెయ్యి పట్టి లాగింది.

"ఏమ్మే, ఆ విడిపోయిన ముక్క యాడ పడతాది?"

"సముద్రంలో అంట అత్తా."

"సముద్రంలో యాడ? దాన్ని సూడ్డానికి గూడా పేర్లు రాయించుకుంటారేమో, ఇంటికి పోతానే డొంగల్ పెట్టి సూడు."