ఊ కొట్టి పెళ్లిపెద్దనయ్యాను

ఆ రోజుల్లో నాకు వినడమంటే, ఎదుటివాళ్లు ఎప్పుడు ఊపిరి తీసుకుంటారా, నేనెప్పుడు అందుకుంటానా అని కాచుక్కూర్చోవడమే. విజయనగరం నుంచి అరకు వచ్చి, కాఫీ రైతుల సంఘంలో కొత్తగా చేరాను. రైతు మాట్లాడుతుంటే తల ఊపాలి, మధ్యమధ్యలో ఊ అనాలి అని శిక్షణలో చెప్పారు. (వినాలని కూడా చెప్పే ఉంటారు. అప్పుడు నేను పక్కవాడితో మాట్లాడుతున్నాను.)

నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మ ఓ పొద్దున అరుగు మీద కూర్చుని ఏదో చాలాసేపు చెప్పింది. నేను ఫోను చూసుకుంటూ "ఊ... అలాగే పెద్దమ్మా" అంటూ పోయాను. ఆదివారం నాడు తలుపు తడితే తీశాను. ఎదురుగా పెద్దమ్మ, వెనక జీలుగు కల్లు కుండ పట్టుకుని ఆవిడ మనవడు.

"ఏటి బాబూ, ఇంకా తెమల్లేదా? బేగి రా. గుంటోళ్లింటికి ఎల్లాల."

"నేనెందుకు పెద్దమ్మా?"

"అదేటి! మావోడికి పిల్లనడిగే మనిషివి నువ్వే కదా? మొన్న ఊ అన్నావు!"

మనవడి పరిస్థితి నాకంటే అన్యాయంగా ఉంది. ఆ గుంటను, అంటే ఆ పిల్లను తప్ప ఎవరినీ చేసుకోనని భీష్మించుకు కూర్చున్నాడు మరి. దారిలో పెద్దమ్మ పద్ధతి చెప్పింది. "ఆల్లు మనల్ని తిడతారు. తిట్టనీ. మద్దిలో నువ్వు నోరిప్పితే కుండ ఎనక్కొచ్చేత్తాది, సమ్మందం పోతాది. మావోల్లెవులైనా అయితే తిరిగి తిట్టేత్తారు. నీకయితే ఆల్ల మీద ఏ కోపాలూ లేవు కదా."

పిల్లకి తల్లి లేదు, పిన్ని పెంచింది. కుండ గడప బయటే పెట్టించి ఆ పిన్ని మొదలుపెట్టింది. పెద్దమ్మ వాళ్ల తాతలనాటి ఎద్దు తమ చోళ్లచేను, అంటే రాగిచేను తొక్కేసిందట. పండక్కి పిలవలేదట. కుర్రాడు బైకు మీద గాల్లో పోతాడట. (ఆ బైకు నేర్పింది నేనే. నా దగ్గర బ్రహ్మాండమైన సమాధానం ఉంది. అయ్యో రామా, మింగేశాను!) నోరు కట్టేశాక చేసేదేముంది, వినసాగాను. వినగా వినగా నాకో సంగతి తట్టింది. ఆవిడ ఎద్దుతో మొదలెట్టినా, బైకుతో మొదలెట్టినా చివరికి దారి దగ్గరికే వస్తోంది, రెండిళ్లకీ మధ్యలో పారే గెడ్డ దగ్గరికే వస్తోంది.

తిట్లు అయిపోయాయి. మరోచోటైతే ఆ నిశ్శబ్దంలోకి దూకేసేవాణ్ణి. ఆ రోజు పళ్లు బిగబట్టి కూర్చున్నాను. చాలాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"వానలొచ్చి గెడ్డ పొంగితే నా గుంటని సూడ్డానికి నేనెలా ఎల్తాను?"

మనవడు నా వంక చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు తల ఊపాను.

"వానలకి ముందే తోలుకొచ్చేత్తానత్తా. గెడ్డ తగ్గేదాకా నీకాడే ఉంటాది."

"నువ్వూ ఉండాల!" అంది లోపల్నుంచి పిల్ల గొంతు. అందరూ గొల్లుమన్నారు. పిన్ని లేచి కుండ లోపలికి తీసుకెళ్లింది. నేను చాటుగా కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పటికీ వానాకాలం వస్తే ఆ పిన్ని నాకు ఫోన్ చేస్తుంది. అల్లుడి మీద చాడీలన్నీ చెప్పి ఊరుకుంటుంది. నేనూ ఊరుకుంటాను. కాసేపటికి మెల్లగా అంటుంది, "పిల్లలొచ్చేరు బాబూ. ఇల్లు నిండుగా ఉంది."

అప్పుడు విజయనగరం నుంచి వచ్చిన ఆ వాగుడుకాయ కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. పాపం, ఇలాంటి మాటలు ఎన్ని పోగొట్టుకున్నాడో!