మొదటి బెంచీవాడి సాక్ష్యం

మా ముత్తాతగారు కృష్ణ ఒడ్డున ఒక చిన్న పట్టణంలో మిషన్ బోర్డింగ్ స్కూలుకు మొదటి తెలుగు హెడ్‌మాస్టరు. అంతకుముందు ఆ కుర్చీలో దొరలే కూర్చునేవారు. మా తాతగారు అదే ఊళ్లో గుడి సంఘానికి కార్యదర్శి. చర్చిని మేం గుడి అనే అంటాం. ఎండాకాలంలో కూడా కోటు విప్పేవారు కాదు. ఆయన చేతికర్ర చప్పుడు గుమ్మం దగ్గర వినిపిస్తే పాట పాడేవాళ్లు గొంతులు సవరించుకునేవారట. గుడిలో కుడివైపు మొదటి బెంచీ మాది. టేకు బెంచీ. దాని వీపు మీద ముత్తాతగారి పేరు చెక్కి ఉండేది. ఒక క్రిస్మస్‌కు కలెక్టరుగారు వస్తే ఆయన్ని కూడా రెండో బెంచీలోనే కూర్చోబెట్టారని మా ఇంట్లో గర్వంగా చెప్పుకునేవారు. కలెక్టరుగారింట్లో ఏం చెప్పుకున్నారో మాకు తెలియదు.

పొలాలు దాయాదుల వ్యాజ్యాల్లో పోయాయి. మేడ నాన్నగారి లారీల వ్యాపారంలో పోయింది. తర్వాత నాన్నగారూ పోయారు. నాకు మిగిలింది నిటారుగా కూర్చునే అలవాటు. ఆ బెంచీ వీపు అసలు వాలుగా ఉండేది కాదు, మా ఇంట్లో ఎవరికీ నడుము వంగకపోవడానికి అదే కారణమని మా అమ్మ అంటుంది.

ఆ నడుముతోనే హైదరాబాదు వచ్చి, అమీర్‌పేటలో మెట్రో స్తంభాల వెనక ఒక హాస్టల్లో చేరాను. గదికి నాలుగు ఇనుప మంచాలు. పక్క మంచం మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక ముస్లిం కుర్రాడిది. వాళ్ల నాన్న దర్జీ. ఇద్దరం ఒకే సందులో ఒకే సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకునేవాళ్లం. మొదటి రోజు నేను మంచం మీద కూర్చున్న తీరు చూసి, "ఏం భాయ్, ఎవరన్న ఫోటో దింపుతున్నరా?" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఆ గదిలో మర్యాద అంతే.

ఆదివారం పొద్దున పంజాగుట్ట దాకా నడిచి గుడికి వెళ్లేవాడిని. గుడి అంటే గోపురం, గంట అనుకోకండి. ఫ్లైఓవర్ దాటాక లోపలి సందులో, జిరాక్సు షాపు పైన రెండో అంతస్తులో ఒక హాలు. అన్నీ ప్లాస్టిక్ కుర్చీలు. మొదటి ఆదివారం నేను అలవాటు ప్రకారం కుడివైపు మొదటి కుర్చీలో కూర్చున్నాను. తబలా వాయించే అతను వచ్చి, "అన్నా, జర లేస్తరా? గిది స్పీకర్ పెట్టే కుర్చీ," అన్నాడు. నేను లేచాను. నా స్థానంలో నల్లటి స్పీకరు డబ్బా కూర్చుంది. నాకంటే నిటారుగానే కూర్చుంది. ఆ సంఘంలో మొదటి వరుసకు గౌరవమేమీ లేదు, ఫ్యాన్ కింద ఉన్న మూడో వరుసకే గిరాకీ.

నాకు కావలసింది బాప్తిస్మం. మా ఇంట్లో మగవాళ్లందరూ ఇరవై ఏళ్లు నిండకముందే తీసుకున్నారు. నాకప్పటికే ఇరవై మూడు. నాన్నగారి జబ్బు, చదువు, ఇల్లు ఖాళీ చేయడం, ఇలా ఏటా ఏదో ఒకటి అడ్డొచ్చింది. ఊళ్లో అమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "ఈ వారమైనా అడిగావా?" అనేది. నలుగురిలో ఎవరైనా అడిగితే ఆవిడ ఏం చెప్పాలో తెలియక మాట మార్చేస్తోందని నాకు తెలుసు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం అడిగినవాడు అందరి ముందూ నిలబడి, కాగితం చూడకుండా, ప్రభువు తనకెలా తెలిశాడో పది నిమిషాల్లో చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. తర్వాత పెద్దలు నలుగురూ వెనక వంటగదిలోకి వెళ్లి మాట్లాడుకుంటారు. బయటికొచ్చాక ఏమీ ప్రకటించరు. ఆ పెద్దల్లో ఒకావిడ గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే నర్సుగా రిటైరైన ఆంటీగారు. ఆవిడ ఫోన్ తీసి నీళ్ల ట్యాంకరుకు చెబితే ఒప్పుకున్నట్టు. ఎందుకంటే బాప్తిస్మపు తొట్టి మిద్దె మీద ఉంది, బోరేమో ఎండిపోయింది. ట్యాంకరు రాకపోతే ఎంత విశ్వాసమున్నా మునగడానికి నీళ్లుండవు.

నేను తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని నిలబడ్డాను. ముత్తాతగారు చీకట్లో లాంతరు పట్టుకుని బడికి నడిచిన దగ్గర మొదలుపెట్టాను. దొరగారు ఆయన చేయి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టిన ఘట్టాన్ని చేయి చాచి నటించి చూపించాను. తాతగారి కోటు, చేతికర్ర, ఆయన కట్టించిన పాకబడి. "ఆ మొదటి బెంచీ ఈ రోజుకీ మాదే. మా అమ్మ ప్రతి ఆదివారం అక్కడే కూర్చుంటుంది," అన్నాను. వెనక వరుసలో ఎవరో "స్తోత్రం" అన్నారు. ఆ ఊపులో ఇంకాస్త నిటారుగా అయ్యాను.

ఆంటీగారు చేతి గడియారం మీద వేలితో కొట్టారు. "బాబూ, పది నిమిషాలైంది."

"ఇంకా తాతగారి దగ్గరే ఉన్నానండీ."

"అదే నేనూ చూస్తున్నాను. తాతగారికి బాప్తిస్మం అయిపోయిందిగా నాయనా? ఆయన కోసం మళ్లీ ట్యాంకరు పిలవాలా ఏంటి?"

హాలంతా నవ్వింది. స్పీకరు కూడా కుయ్యిమంది.

పెద్దలు వంటగదిలోకి వెళ్లి వచ్చారు. ఆంటీగారి ఫోను సంచీలోనే ఉంది. పాస్టరుగారు, మేమంతా అయ్యగారు అంటాం, నా భుజం మీద చెయ్యేశారు. ఆయనది నల్గొండ. "ఫికర్ చేయకు తమ్మీ. మీ ముత్తాతది మస్తు సాక్ష్యం. గాయన వస్తే నేను ఇయ్యాల్నే ముంచుత. నీది తయారైనంక మళ్ల నిలబడు. అప్పటిదాంక జర చెప్పుల కాడ సాయం చెయ్."

చెప్పులు! ఆ హాలుకు మెట్లు ఇరుకు. వచ్చినవాళ్లు చెప్పులు ఎక్కడ పడితే అక్కడ విడిస్తే కింద అంతస్తువాళ్లు గొడవపడతారు. అందుకని ఒకరు మెట్ల మీద కూర్చుని జతలు సర్దాలి. హెడ్‌మాస్టరుగారి మునిమనవడికి ఆ ఉద్యోగం దొరికింది. చేస్తే సరిగా చేయాలి కదా అని, చిన్న చెప్పులు కింది మెట్లకు, పెద్దవి పై మెట్లకు, ఎత్తుల వారీగా అసెంబ్లీలో నిలబెట్టినట్టు పేర్చాను. ఆంటీగారు బయటికొచ్చి వెతుక్కుని, "ఏంటి బాబూ, నా చెప్పులు నాలుగో మెట్టు మీదున్నాయి. నన్ను నాలుగో క్లాసులో వేశావా?" అన్నారు. మరుసటి వారం నుంచి అందరూ దిగుతూ దిగుతూ తమ క్లాసు అడిగేవారు. అయ్యగారు ఎప్పుడూ పదో క్లాసే.

అలా రెండు నెలలయ్యాక కోర్సు పూర్తయింది. అప్పుడు వచ్చాడు కన్సల్టెన్సీ మనిషి. అమీర్‌పేటలో అలాంటివాళ్లు తెలియని ఉద్యోగార్థి ఉండడు. చేయని ఉద్యోగం చేసినట్టు కాగితాలు పుట్టిస్తారు. టీ కొట్టు దగ్గర నన్ను పక్కకు పిలిచి, "మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతం బ్రో. ఆఫర్ లెటర్ ఉంటది, పే స్లిప్పులుంటయ్. ఎవరన్న ఫోన్ చేస్తే మేనేజర్ సుత మాట్లాడతడు," అన్నాడు.

"ఆ మేనేజరు ఎవరండీ?"

"నేనే."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. "మా వంశంలో నాలుగు తరాలుగా ఎవరూ అబద్ధపు కాగితం మీద సంతకం పెట్టలేదండీ," అన్నాను.

"మీరెందుకు పెడతరు సార్? సంతకం సుత మేమే పెడతం."

తల తిప్పకుండా నడిచి వచ్చేశాను. హాస్టల్ భోజనాల దగ్గర ఈ సంగతంతా నా పక్క మంచం మిత్రుడికి కొంచెం పెద్ద గొంతుతోనే చెప్పాను, పక్క బల్లవాళ్లకు కూడా వినబడితే మంచిదని. అతను అన్నం కలుపుతూ విన్నాడు.

"మస్తు డైలాగ్ కొట్టినవ్ భాయ్. నన్ను సుత అడిగిండు. నేను సుత వద్దన్న."

"నువ్వెందుకు వద్దన్నావు?"

"దొరుకుతనని భయం. గంతే. నాకు వంశం గింశం ఏం లేదు. ఒక్క మాట అడుగుత, గుస్సా కావొద్దు. మీ ముత్తాత హెడ్‌మాస్టర్ కాకుండ మేకలు కాసేటోడైతే, నువ్వు పెట్టించుకునేటోనివా?"

నేను అప్పడం విరుస్తుండగానే రెండో ప్రశ్న వచ్చింది. "మొన్న చర్చిల ఏం చెప్పినవో నువ్వే నాకు చెప్పినవ్ గదా? ముత్తాత ఎక్స్‌పీరియన్స్, తాత ఎక్స్‌పీరియన్స్. నీది ఎంత? జీరో. ఆఫీసుల ఫేక్ వద్దంటవ్, దేవుని కాడ పెడతవ్."

"కొంచెం మాట్లాడటం నేర్చుకో."

"నేర్సుకునే మాట్లాడుతున్న. గా సాంబార్ ఇటియ్యి."

రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. నాలుగు మంచాల గదిలో ఒకరితో మాట్లాడకుండా ఉండటం తేలిక కాదు. ఫ్యాను స్విచ్చి అతని తల దగ్గర ఉంది. ఉక్కపోతను వంశగౌరవంతోనే భరించాను.

ఆ ఆదివారం మెట్ల మీద చెప్పుల మధ్య కూర్చుని ఉండగా అమ్మ ఫోన్ చేసింది. అక్కడ ఆరాధన త్వరగా అయిపోయిందట. ఏమీ తోచక, "ఇవాళ ఎక్కడ కూర్చున్నావమ్మా?" అని అడిగాను.

"ఎక్కడేంటి, ఎప్పుడూ కూర్చునే చోటే. గుమ్మం పక్కన కుర్చీలో. గాలొస్తుంది. మీ ట్యాంకరు సంగతేంటి నాన్నా?"

చూస్తానమ్మా అని పెట్టేశాను. కన్సల్టెన్సీ మనిషికి వంశంలో అబద్ధం లేదని చెప్పినవాణ్ని, రెండు నెలల ముందే నలభై మంది విశ్వాసుల ఎదుట ప్రభువు పేరు మీద ఒక అబద్ధం ఆడేశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. అతనైతే ఉద్యోగం కోసం కాగితాలు పుట్టిస్తాడు. నేను ఒక "స్తోత్రం" కోసం బెంచీ పుట్టించాను. ఆ రోజు చెప్పుల వరుస కుదరలేదు. ఆంటీగారు తన జతలో ఒకటి మూడో మెట్టు మీద, ఇంకోటి ఏడో మెట్టు మీద వెతికి పట్టుకుని, "ఇవాళ హెడ్‌మాస్టరుగారు సెలవా?" అన్నారు.

గదికి వచ్చి నేనే ముందు మాట్లాడాను. బెంచీ సంగతి చెప్పాను. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఫ్యాను వేశాడు.

మరో రెండు వారాలకు మళ్లీ నిలబడతానని అయ్యగారికి చెప్పాను. ఆ రోజు నా మిత్రుడు కూడా వచ్చాడు. బూట్లు విప్పి తనే మెట్టు అంచున సర్ది, "ముత్తాతకు ఇయ్యాల చుట్టీ ఇయ్యి. నీ ముచ్చట చెప్పు," అని నా చెవిలో అని, తిన్నగా వెళ్లి ఫ్యాను కింద మూడో వరుసలో కూర్చున్నాడు. ఆ సంఘం మర్మం అతనికి ఒక్క చూపులో తెలిసిపోయింది.

నేను చెప్పింది కొంచెమే. హాస్టల్లో చేరిన కొత్తలో నాకు జ్వరం వచ్చింది. పగలు అందరూ క్లాసులకు వెళ్లారు. మా ఇంట్లో తరాలుగా చెప్పే ప్రార్థన ఒకటుంది, సగం సంస్కృతం, తాతగారు కళ్లు మూసుకుని గంభీరంగా చెప్పేవారు. ఆ మధ్యాహ్నం అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. "ప్రభువా, భయంగా ఉంది, కాసేపు నా దగ్గర కూర్చో," అన్నాను. జ్వరం తగ్గలేదు. భయమూ అంతా పోలేదు. కానీ గదిలో నేనొక్కణ్నే ఉన్నట్టు అనిపించడం మానేసింది. సాయంత్రం నా పక్క మంచం కుర్రాడు ఖిచిడీ తెచ్చి తినేదాకా నిలబడ్డాడు. నాకు ప్రభువు తెలిసింది ఆ రోజే. అంతకుముందు తెలిసింది తాతగారు. మా ఇంటి పేరున్నవాడు అలా దిక్కులేనట్టు అడుక్కున్నాడని చెప్పుకోవడం నామోషీగా అనిపించి, పోయినసారి దాచాను.

"దొంగ సర్టిఫికెట్టు వద్దన్నది కూడా ప్రభువు కోసం కాదండీ, తాతగారి కోసం. ఇకనుంచి ఎవరి కోసం వద్దంటున్నానో చూసుకుని అంటాను," అన్నాను. తర్వాత మెడ దగ్గర గుండీ విప్పుకున్నాను. "ఇంకోటి. మొదటి బెంచీ ఇప్పటికీ మాదేనన్నాను. అబద్ధం. అది లేదు. మా అమ్మ గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది." ఎలా ముగించాలో తెలియక "అంతేనండీ" అని కూర్చున్నాను. నాలుగు నిమిషాలైంది. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. మూడో వరుసలో నా మిత్రుడు మాత్రం గొంతు సవరించుకున్నాడు.

పెద్దలు వంటగదిలోకి వెళ్లారు. లోపల టీ గిన్నె చప్పుడు. నేను నా చేతుల వంక చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడు వంగిందో గానీ, నా నడుము కుర్చీ వీపుకు ఆనుకుని ఉంది.

తలుపు తెరుచుకుంది. ఆంటీగారు ఫోను చెవి దగ్గర పెట్టుకునే బయటికొచ్చారు. "ఏమయ్యా, వచ్చే ఆదివారం పొద్దున్నే ఒక ట్యాంకరు. చిన్నది కాదు, పెద్దది. ఈసారి మనిషి పొడుగు." ఫోను పెట్టేసి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. అయ్యగారు నా చేయి పట్టుకుని ఊపుతున్నారు. అమ్మకు ఫోన్ చేయాలని లేవబోతుంటే ఆంటీగారు నా మోచేయి పట్టుకుని ఆపారు.

"ఇంతకీ ఆ బెంచీ ఏమైంది బాబూ?"

చెప్పాను. గుడికి కొత్త పైకప్పు వేసిన ఏడాది పాత బెంచీలన్నీ అమ్మేశారు. మా బెంచీకి మా అనుమతి కావాలంటే, ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టింది నేనే. దాన్ని బస్టాండు పక్కన టిఫిన్ హోటలాయన కొన్నాడు.