సందులు పూడ్చిన డెక్

నేను బడి ముఖం చూడలేదు. కాకినాడ రేవులో పడవల మీద రాసిన పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం కాచి పూసి, చుక్క నీరు లోపలికి రాకుండా చేయడం నా పని. పడవ మీది చెక్క నేలను డెక్ అంటారని నాకు అక్కడే తెలిసింది. అందుకే ఇంగ్లండ్‌లో, రీడింగ్ అనే ఊళ్లో, కూతురి ఇంటి వెనక అరుగులా వేసిన చెక్క డెక్ బాగు చేయాలన్నప్పుడు, ఈ దేశంలో నాకు చెప్పగలవాడెవడనుకున్నాను.

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఆవిడ ఒంటరిగా బయట నడవగలిగింది ఆ డెక్ మీదే. అది పాతబడి పాచి పట్టింది. అల్లుడూ నేనూ కలిసి పాచి గీకి, పుచ్చిన రెండు పలకలు మార్చాం. చెక్కకు పూసే నూనె అతనే తెచ్చాడు.

“సందులు అలాగే వదిలేద్దాం మావయ్యగారూ. వాన నీళ్లు కిందికి పోవాలి కదా,” అన్నాడు.

“సందున్న పడవ మునిగిపోద్ది బాబూ. నువ్వు కంప్యూటర్ చూసుకో.”

నా కూతురు నవ్వింది. అతను నవ్వలేదు.

వాళ్లిద్దరూ పనికి వెళ్లాక నాలుగు రోజులు కూర్చుని ప్రతి సందూ పుట్టీతో పూడ్చేశాను. పైన రెండు పూతలు నూనె పట్టించాను. తర్వాత వరసగా వానలు. పోయే దారి లేక నీళ్లు పలకల మీదే నిలిచాయి. పాచి మళ్లీ పట్టింది. మా ఆవిడ గడప దగ్గర ఒక కాలు పెట్టి చూసి, “జారుతోందండీ,” అని వెనక్కి తిరిగింది.

ఆదివారం లండన్‌లోని వెంబ్లీ నుంచి చుట్టాలొచ్చారు. “ఏంటి అంకుల్, కప్పల్ని పెంచుతున్నారా?” అన్నాడొకాయన.

“మా అల్లుడు తెచ్చిన నూనె నాసిరకం,” అన్నాను.

అల్లుడు పక్కనే టీ అందిస్తున్నాడు. “మీకు చక్కెర సరిపోయిందా మావయ్యగారూ?” అన్నాడు, అంతే. ఎదురు తిరిగితే నేనూ అరిచేవాణ్ణి. ఆ టీ తాగకుండా పక్కన పెట్టేశాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్లే ముందు అతను వానకోటు వేసుకుని, పాత చాకుతో పుట్టీ గీకుతూ కనిపించాడు. వంటగదిలోంచి మా ఆవిడ, “పుట్టీ పెట్టింది మీరు. పాపం ఆ పిల్లాణ్ణెందుకు అన్నారు?” అంది.

బయటికెళ్లి, “తప్పు నాది బాబూ. ఆ చుట్టాలకి ఫోన్ చేసి చెప్తాను,” అన్నాను.

“ఇప్పుడెందుకులెండి.”

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. తప్పు నూనెది కాదు, నాదే అని చెప్పాను. అవతల ఇంటిల్లిపాదీ నవ్వారు. చెవులు మండాయి. అల్లుడు గీకడం ఆపలేదు. కాసేపటికి, “ఆ చివర్నించి మీరు మొదలెట్టండి,” అన్నాడు.

అతను వెళ్లిపోయాక కూడా గీకుతూనే ఉన్నాను. మా ఆవిడ తలుపు తీసింది.

“నేనెప్పుడు నడవచ్చు?”

“చెక్క ఆరాక.”

“ఈ నవంబర్ వానల్లో ఇక్కడ చెక్క ఆరుద్దా?”

ఆరదని నాకు తెలుసు. తల వంచుకుని పక్క సందులోకి చాకు దింపాను.