ఆదెమ్మ బండి బేరం

గుంటూరు మిర్చి యార్డులో బస్తాల మీద తన పేరు రాయించుకోవడం ఆదెమ్మ సాధించిన మొదటి గెలుపు. మొగుడు పోయిన ఏడు, తను పండించిన కాయలు తనే తోలుకుపోతే, కమిషన్ కొట్టు గుమాస్తా కలం పట్టుకుని "ఇంట్లో మగాళ్ల పేరేదైనా చెప్పమ్మా, రాసుకుంటా" అన్నాడు.

"చేను చేసింది నేను, మందు కొట్టింది నేను, పేరు మాత్రం మగాడిదా? ఆదెమ్మ అని రాయి."

అతను రాయలేదు. ఆమె బస్తా ఎక్కి కూర్చుంది. పక్క కొట్లవాళ్లు చోద్యం చూడ్డానికి వచ్చారు. హమాలీలు నవ్వారు. ఎవరేం చేసినా ఆమె దిగలేదు. పేరు పడ్డాకే దిగింది.

ఆ తర్వాత ఆమె చేసినవి చెప్పాలంటే ఒక పూట చాలదు. ఊరంతా మట్టినేల మీద కాయలు ఆరబోసే రోజుల్లో టార్పాలిన్ పట్టాలు పరిచి ఆరబోసింది ఆమే. కరెంటు ఆఫీసు గుమ్మాలు అరిగేలా తిరిగి బోరుకు లైను లాగించింది ఆమే. కూతురు మాధురిని బీఈడీ చదివించి టీచరమ్మను చేసింది ఆమే. పత్తికట్టె పీకేసిన చేలో, తమ్ముడి బండి మీద గేర్లు వేయడం నేర్చుకుని, పడి, లేచి, యాభై దాటిన వయసులో లైసెన్సు తెచ్చుకున్నదీ ఆమే. లైసెన్సయితే ఉంది గాని సొంత బండి లేదు. అక్కడే వచ్చింది చిక్కు.

వాగు అవతల ఆమె కౌలుకు చేసే నల్లరేగడి చేను ఉంది. ఆసామి లక్ష్మీనరసింహం మాస్టారు, రిటైరై అమరావతిలో ఉంటున్నాడు. నిరుడు మిరపకు తామరపురుగు తగిలినప్పుడు వాగు దాటడానికి ఆటోవాడు రానన్నాడు. ఆదెమ్మ మందుడబ్బా నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్లేసరికి చేను సగం ముడుచుకుపోయింది. ఈ వేసవిలో మాస్టారు ఖరాఖండిగా చెప్పేశాడు. "ఏమ్మా, మీ మరిది బుల్లయ్యకు బండి ఉంది, పొద్దునా సాయంత్రం చేను చూసుకోగలడు. నువ్వూ బండి తెచ్చుకుంటే చేను నీదే. లేకపోతే అతనికిస్తాను."

పొరుగూళ్లో బుడాన్ పాత మోటారుసైకిలు అమ్ముతున్నాడని తెలిసి ఆదెమ్మ బయల్దేరింది. చిన్న చక్రాల స్కూటరయితే నల్లరేగడి బురదలో కూరుకుపోతుంది, దీనికైతే పెద్ద చక్రాలు. బుల్లయ్యకు ఎవరు చెప్పారో ఏమో, పిలవకుండానే బండేసుకుని ఎదురొచ్చాడు.

"ఎక్కు వదినా, నేను దిగబెడతా. బళ్ల సంగతి నీకేం తెలుసు?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అంటూనే ఎక్కింది. నడక తప్పిందని.

బుడాన్ ఇంటి వెనక, మిర్చిలోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరే పాకలో ఉంది బండి. మిరపకాయలు ఆరబోసే పట్టా కప్పి ఉంచారు. బుడాన్ పట్టా లాగేసరికి ట్యాంకు తళతళలాడింది. బుల్లయ్య "అబ్బో" అన్నాడు. ఆదెమ్మ ట్యాంకు వంక చూడలేదు. వంగి ఇంజను మీద అరచెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"ఏరా బుడాన్, పొద్దున్నే ఎక్కడికెళ్లొచ్చావు?"

"ఎక్కడికీ లేదు పెద్దమ్మా."

"మరి ఇంజనుకు జొరమొచ్చిందా?"

బుడాన్ పెళ్లాం జానీబీ గుమ్మంలోంచి కిసుక్కున నవ్వింది. "నువ్వొచ్చేలోపు వేడెక్కించి పెట్టాడు పెద్దమ్మా, ఒక్క కిక్కుకే స్టార్టవ్వాలని."

"బస్తా పైన ఎర్రకాయ, అడుగున తాలుకాయ! యార్డులో చెయ్యి పెట్టి చూసేది బస్తా నడిమధ్యలోరా. చల్లారనీ."

నీడలో కూర్చుని జానీబీ ఇచ్చిన టీ తాగింది. ఇంజను చల్లబడేలోగా చేతనైనంత చూసింది. స్టాండు వేసి వెనక చక్రం తిప్పింది. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ ఊపింది. బండి మీది నంబరుకు పట్టిన మట్టి కొంగుతో తుడిచి, ఆర్సీలో ఉన్నదానితో ఒక్కొక్క అంకె కలిపి చదివింది. నంబరు సరిపోయింది. టైరు బోడిగుండు. గొలుసు వదులు. అన్నీ బుడాన్ మొహం మీదే చెప్పింది.

చీర మీద తొడుక్కున్న మగచొక్కా చేతులు పైకి మడిచి కిక్కు కొట్టింది. బండి స్టార్టయింది. రేజ్ చేసేసరికి ఉక్కిరిబిక్కిరై, నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే.

బుల్లయ్య చప్పట్లు చరిచాడు. "పొగాకు బ్యారను కూడా ఇంత పొగ వదలదు వదినా! పైన పటారం, లోన లొటారం. ఇంజను పోయింది. పద, ఇంటికెళ్దాం. చేను సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు కూలికి రా."

ఆ మాట ఆదెమ్మకు గుండెల్లో గుచ్చుకుంది. అయినా కదల్లేదు. బండిని, పాకను, పక్కనే కుప్పగా పోసిన తాలుకాయలను మార్చి మార్చి చూసింది.

"ఒరేయ్ బుడాన్, ఈ బండి ఇక్కడే ఉంటదా ఎప్పుడూ?"

"కోతలప్పట్నించీ ఇక్కడే పెద్దమ్మా. ఆడోళ్లు కాయలేరుతుంటే పక్కనే స్టార్టు చేసి తీసేవాణ్ని."

"గాలి పీల్చే డబ్బా విప్పు."

బుడాన్ స్క్రూలు తీశాడు. బుల్లయ్య "అందులో ఏముంటది, ప్రాణం ఉంటదా?" అంటూ నోరు తెరిచి మొహం దగ్గరగా పెట్టాడు. ఆదెమ్మ లోపలున్న ఫిల్టరు లాగి పాక గుంజకేసి ఠపీమని కొట్టింది. ఎర్రటి దుమ్ము లేచింది. ఒక సీజను మిరపకాయల కారం మొత్తం!

బుల్లయ్యకు తుమ్ములే తుమ్ములు. బుడాన్ కళ్లు మూసుకుని తొట్టి దగ్గరకు పరుగెత్తాడు. జానీబీ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ నవ్వింది. ఆదెమ్మా దగ్గింది గాని చోటు వదల్లేదు. ఫిల్టరు పక్కన పెట్టి కిక్కు కొట్టి రేజ్ చేసింది. ఈసారి పొగ లేదు. మోత నున్నగా వచ్చింది.

"గాలాడక చస్తోంది పాపం. ఇంజను పోలేదు" అంది. ఫిల్టరు శుభ్రంగా దులిపి మళ్లీ పెట్టించింది. "ఇప్పుడు బరువు చూడాలి. బుల్లయ్యా, ఎక్కు."

"నేనా? ఆడదాని ఎనకాలా?"

"పొద్దున నీ ఎనక నేను కూర్చోలా? నాకేమన్నా తరిగిందా? ఇంజను పోయిందన్నావుగా, ఎక్కి రుజువు చెయ్యి."

"ఎక్కవయ్యా, రెండు బస్తాల బరువుంటావు" అన్నాడు బుడాన్, ఎర్రబడ్డ కళ్లతో.

బుల్లయ్య ఎక్కక తప్పలేదు. ఊరి నడివీధిలోంచే తోలింది ఆదెమ్మ. అరుగుల మీద వాళ్లు లేచి నిలబడ్డారు. ఊరి చివర వాగు ఎండి ఇసుక తేలి ఉంది. ఇసుకలో బండి ఊగింది, బుల్లయ్య కేకేశాడు, ఆమె మొదటి గేరుకు దించి అవతలి గట్టు ఎక్కించేసింది. పైకి రాగానే క్లచ్ కొంచెం జారింది. ఆ సంగతీ దాచలేదు. తిరిగొచ్చి, క్లచ్చుకూ టైరుకూ అయ్యే ఖర్చు ధరలో తగ్గించేదాకా బుడాన్‌ని వదల్లేదు.

ఆ సాయంత్రమే తిన్నగా అమరావతి వెళ్లి మాస్టారి ఇంటి ముందు హారన్ కొట్టింది. ఆయన కళ్లజోడు సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"నువ్వే తోలుకొచ్చావా అమ్మా?"

"లేకపోతే ఇదే నన్ను తోలుకొచ్చిందా మాస్టారూ?"

ఆయన నవ్వి, కౌలు మాట ఇచ్చేశాడు. తన ముందే బుల్లయ్యకు ఫోను చేసి చెప్పించేదాకా ఆదెమ్మ అక్కణ్నించి కదల్లేదు.

ఇప్పుడు ఆమె ఊళ్లో లేదు. మాధురి దగ్గరికి దాచేపల్లి వెళ్లింది, బండి మీదే. అల్లుడికి తెలిసిన మెకానిక్ క్లచ్ ప్లేట్లు మార్చి, కొత్త టైరు వేస్తున్నాడు. మృగశిర కార్తె మొదలయ్యే రోజే వాగవతల చేలో దుక్కి పెట్టించాలని ట్రాక్టరుకు చెప్పి వెళ్లింది. ఆమె తిరిగొచ్చేదీ ఆ రోజే, జూన్ ఎనిమిది, సోమవారం.