హోటలు లిఫ్టుకు ఎనిమిది ప్రశ్నలు

మా బాబాయి అయిదు రోజుల విదేశీ ప్రయాణానికి మూడు నెలలుగా ఏర్పాట్లు చేస్తున్నాడు. ఇంకెవరైనా అయితే ఈపాటికి వెళ్ళి, తిరిగొచ్చి, ఫొటోలు చూపించి చుట్టుపక్కల వాళ్ళ ప్రాణాలు తీసి, ఆ సంగతే మర్చిపోయి ఉండేవాళ్ళు. ఆయన మాత్రం ఇంకా హోటలు దగ్గరే ఆగిపోయాడు. సరిగ్గా చెప్పాలంటే హోటలు దగ్గర కూడా కాదు, హోటలు లిఫ్టు దగ్గర.

బాబాయి లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఇరవై మూడు భవనాల లిఫ్టులు ఆయన చేతిలో ఉన్నాయి. మేమందరం ఉండే ఈ అయిదంతస్తుల భవనం లిఫ్టు కూడా వాటిలో ఒకటి. జనం ఆయన్ని లిఫ్టు డాక్టరుగారు అంటారు. ఆ పేరంటే ఆయనకు ఇష్టమే కానీ పైకి ఒప్పుకోడు. తలుపు మూసుకునే చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే ముందు వాళ్ళ లిఫ్టును పలకరించి, ఆ తర్వాతే ఇంటివాళ్ళను పలకరిస్తాడు.

అలాంటి మనిషి భార్య, అంటే మా పిన్ని, లిఫ్టు ఎక్కదు. పందొమ్మిదేళ్ళుగా ఎక్కలేదు. అప్పట్లో ఒక సాయంత్రం కూరగాయల సంచితో మా లిఫ్టులో వస్తూ మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య రెండు గంటల పది నిమిషాలు ఇరుక్కుపోయింది. బాబాయి ఊరికి ఆ చివర ఇంకెవరిదో లిఫ్టు బాగుచేస్తున్నాడు. కబురు అంది ఆయన వచ్చేసరికి అంతసేపు పట్టింది. ఆ రోజు నుంచీ పిన్ని అయిదో అంతస్తుకి తొంభై మెట్లూ నడిచే ఎక్కుతుంది, నడిచే దిగుతుంది. లిఫ్టు తలుపు తెరుచుకుంటే మొహం తిప్పుకుని మెట్లవైపు వెళ్ళిపోతుంది. పాపం భయం పట్టుకుందని భవనమంతా అనుకుంది. బాబాయీ అదే అనుకున్నాడు. పిన్ని అవుననలేదు, కాదనలేదు.

పిన్ని గ్రంథాలయంలో పుస్తకాలు వెనక్కి తీసుకునే బల్ల దగ్గర పనిచేస్తుంది. గడువు దాటించినవాళ్ళను పల్లెత్తు మాట అనదు. కళ్ళద్దాల పైనుంచి ఒక్క చూపు చూస్తుంది, అంతే. వాళ్ళంతట వాళ్ళే నసిగి, సంజాయిషీ చెప్పుకుని, చెమటలు తుడుచుకుంటూ బయటపడతారు. ఎన్నాళ్ళయినా సరే ఎదురుచూడడం ఆవిడకు ఉద్యోగంలో అబ్బిన విద్య.

ఇక ఈ ప్రయాణం సంగతి. పిన్ని వంటింట్లో పదకొండేళ్ళ నాటి క్యాలెండరు ఒకటి ఉంది. అది ఏప్రిల్ నెల దగ్గర ఆగిపోయింది. ఆ బొమ్మలో ఏటికి రెండువైపులా లేత గులాబీ రంగు పూలచెట్లు, మచ్చుకైనా ఒక్క ఆకు లేదు. వాటి వెనక ఒక ఎత్తయిన టవరు. ఆ టవరు పైకి వెళ్ళి చూస్తే ఏరు కనబడదట, పూలే కనబడతాయట. పిన్ని పదకొండేళ్ళుగా ఆ బొమ్మ ఎదుటే కూరలు తరుగుతోంది. ఈ శీతాకాలంలో ఆవిడ మోకాలు చూసిన డాక్టరు, ఎండాకాలం వెళ్ళాక ఆపరేషను తప్పదనీ, ఆ తర్వాత రెండేళ్ళు దూరప్రయాణాల మాట ఎత్తవద్దనీ చెప్పాడు. అంటే ఆ పూలు చూస్తే ఈ వసంతంలోనే చూడాలి. పూలేమో చెట్టు మీద పది రోజులుంటే గొప్ప.

"ఈ ఏడు వెళ్దాం" అన్నాడు బాబాయి. పిన్ని మొహం అలా వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు. తరుగుతున్న కత్తి పక్కన పెట్టేసి కాసేపు ఊరికే కూర్చుంది.

అంతవరకూ బాగానే ఉంది. మర్నాడు బాబాయి తన సర్వీసు రిజిస్టర్లలో కొత్తదొకటి తీసి గీతలు కొట్టాడు. లిఫ్టుల తనిఖీకి ఎలా గీస్తాడో అలాగే గీశాడు. ఒక్కో హోటలుకు ఒక్కో వరస. నేను ఎగుమతుల కంపెనీలో ఉత్తరాలు రాసే పనిలో ఉన్నాను కాబట్టి, పై దేశాల వాళ్ళకు రాయడం నా నెత్తిన పడింది.

"రాయమ్మా, అయ్యా, మీ హోటల్లో గది కావాలి. దానికి ముందు ఈ కింది విషయాలు తెలియజేయగలరు" అని చెప్పి ఎనిమిది ప్రశ్నలు రాయించాడు. లిఫ్టు ఏ సంవత్సరంలో బిగించారు, తాళ్ళు చివరిసారి ఎప్పుడు మార్చారు, కరెంటు పోతే దగ్గరి అంతస్తుకు దానంతటదే దిగుతుందా, లోపల గంట కొడితే ఏ గదిలో మోగుతుంది, ఆ గదిలో ఎవరుంటారు, ఆ ఎవరో భోజనానికి వెళ్తే ఇంకెవరుంటారు. ఆరు దాకా రాసి కలం కింద పెట్టాను.

"బాబాయ్, అవతలివాళ్ళు మనల్ని గదికి వచ్చేవాళ్ళనుకోరు. తనిఖీకి వచ్చేవాళ్ళనుకుంటారు."

"అనుకోనీ. శ్రద్ధగా జవాబిస్తారు."

శ్రద్ధ సంగతి దేవుడెరుగు. పద్నాలుగు హోటళ్ళకు రాస్తే ఆరింటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒకరు జవాబుగా తమ ఉదయపు ఫలహారాల ఫొటో పంపారు. ఇంకొకరు, మా లిఫ్టు తాతగారి కాలం నాటిది, ఎంతో ముచ్చటగా ఉంటుంది, పైగా మీకిచ్చే గది కిటికీలోంచి ఏరంతా కనబడుతుంది అని రాశారు. కిటికీ గురించి నేను రెండుసార్లు చదివి వినిపించాను. బాబాయికి తాతగారు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఆ వరసకు ఎదురుగా ఎర్ర ఇంకుతో అడ్డగీత పడింది.

మూడో హోటలువాళ్ళు ఏం జవాబు చెప్పాలో తోచక ఆ ఉత్తరం తమ లిఫ్టు మెకానిక్కు చేతిలో పెట్టారు. అతను స్వయంగా నాలుగు పేజీలు రాశాడు. బాబాయి అయిదు పేజీలు తిరిగి రాయించాడు. వాళ్ళ మోటారు గది ఫొటో వచ్చింది, మన మోటారు గది ఫొటో వెళ్ళింది. నెల తిరిగేసరికి అతని కూతురు పరీక్ష ప్యాసైన సంగతి కూడా మాకు తెలిసిపోయింది.

"హోటలు దొరికినట్టేనా?" అని అడిగింది పిన్ని.

"హోటలు లేదు, అక్కడ గదులు నిండిపోయాయట. మనిషి మాత్రం చాలా మంచివాడు" అన్నాడు బాబాయి.

పిన్ని కళ్ళద్దాల పైనుంచి చూసింది. బాబాయి రిజిస్టరులో తలదూర్చేశాడు.

ఇంతలో అసలు చిక్కు వచ్చిపడింది. అక్కడ ఈసారి చలి తొందరగా పోయిందట, చెట్లు ఎనిమిది రోజులు ముందే పూస్తాయట. టికెట్ల ఆఫీసులో పనిచేసే ఆవిడ గురువారం పిన్నికి ఫోను చేసి ఆ మాట చెప్పింది. తేదీలు ముందుకు జరిపి, ఆఖరి రెండు సీట్లు వాళ్ళిద్దరి పేరున ఆపి ఉంచిందట.

"శుక్రవారం అయిదింటికల్లా పాస్‌పోర్టులు తెచ్చి, హోటలు పేరు చెప్పాలండీ. లేకపోతే సీట్లు ఇంకొకళ్ళకు ఇచ్చేస్తాను. మీ సార్‌ని ఇంక ఆలోచించొద్దని చెప్పండి" అంది. మూడు నెలల్లో ఆవిడకు కూడా బాబాయి తత్వం బోధపడింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి బాబాయి ఇంకా మీనమేషాలు లెక్కపెడుతున్నాడు. టవరువాళ్ళను అడిగిన లిఫ్టు తనిఖీ పత్రం ఇంకా రాలేదట. అది రాకుండా ఎలా అంటాడు. పిన్ని సెలవు పెట్టి, చీర మార్చుకుని, పాస్‌పోర్టులు రెండూ చేతిసంచిలో పెట్టుకుని కూర్చుంది. గడియారం మూడుంపావు చూపిస్తోంది. నాకు ఒళ్ళు మండింది. పిన్నికి ఆ పూలు ఈ జన్మలో కనబడేలా లేవనిపించి బాధ కూడా వేసింది.

"ఇలా ఇవ్వండి, ఏదో ఒక పేరు నేనే చెప్తాను" అని పిన్ని రిజిస్టరు లాక్కుంది. పేజీ తిప్పింది. వేలితో వరస వెంట వెళ్ళి చివరి గడి దగ్గర ఆగింది.

"ఏమండీ, ఇదేమిటి?"

బాబాయి రిజిస్టరు కోసం చెయ్యి చాపాడు. నేను వంగి చూశాను. లిఫ్టు వయసు, తాళ్ళు, గంట, కరెంటు, అన్నిటి తర్వాత ఆఖరి గడి మీద బాబాయి చేతిరాతతో 'ఆమె ఎక్కుతుందా' అని ఉంది. దాని కింద పద్నాలుగు హోటళ్ళకూ, టవరుకూ ప్రశ్నార్థకాలు, కొట్టివేతలు, మళ్ళీ ప్రశ్నార్థకాలు. మూడు నెలలుగా ఆయన పిచ్చి పనిమీదనే అనుకున్నాం. ఆయన వెతుకుతున్నది పిన్ని భయపడకుండా ఎక్కగలిగే లిఫ్టు కోసం.

"నీకు భయం కదా. మోకాలితో అన్ని మెట్లు ఎక్కలేవు. టవరు పైకి వెళ్ళకపోతే ఇంక వెళ్ళడమెందుకు" అన్నాడు బాబాయి, నేలవైపు చూస్తూ.

పిన్ని రిజిస్టరు మూసింది.

"నాకు భయమని మీకెవరు చెప్పారు?"

"పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నానుగా."

"అది భయం కాదు. కోపం."

బాబాయి తలెత్తాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. టికెట్ల ఆఫీసు పది నిమిషాలు ఆగినా ఫరవాలేదనిపించింది.

"ఆ రోజు మీరొచ్చి బయట నిలబడి నన్ను అడిగిన మొదటి మాట గుర్తుందా?" అంది పిన్ని.

లిఫ్టుల విషయంలో బాబాయి ఏదీ మర్చిపోడు. "ఆగేముందు పైనుంచి చప్పుడేమైనా వచ్చిందా అని."

"రెండోది?"

"ఒక్కసారిగా ఆగిందా, జారి ఆగిందా అని."

"తలుపు తీశాక?"

బాబాయి గొంతు తగ్గింది. "లోపలికొచ్చి బటన్ల పలక విప్పి చూశాను."

"నన్ను దాటుకుని వెళ్ళి చూశారు. చేతిలో సంచి కూడా అందుకోలేదు. నేను ఆ సంచి మోసుకుంటూ మెట్లెక్కి వచ్చేశాను. ఎలా ఉన్నావని రాత్రికైనా అడుగుతారనుకున్నాను. అడగలేదు. మర్నాడు అడుగుతారనుకున్నాను. అలా రోజూ మెట్లెక్కుతూనే ఉన్నాను. ఎవరిదో హోటలు లిఫ్టుకు ఎనిమిది ప్రశ్నలు రాయించారు. నన్ను అడగడానికి మీకు ఒక్క ప్రశ్న దొరకలేదు."

నాకు నోరు ఊరుకోలేదు. "నువ్వైనా చెప్పొచ్చు కదా పిన్నీ, పందొమ్మిదేళ్ళూ..."

"అడిగితే చెప్పేదాన్ని."

గడువు దాటిన పుస్తకం దగ్గర ఎలా కూర్చుంటుందో ఈ విషయంలోనూ అలాగే కూర్చుంది మా పిన్ని. రోజుకు తొంభై మెట్లు ఎక్కి, తొంభై మెట్లు దిగి, మోకాలు అరగదీసుకుని మరీ కూర్చుంది. ఆయన చూస్తే చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి. ఇంట్లో చప్పుడు లేని జబ్బు ఉంటే అది కనిపెట్టడానికి ఆయనకు పందొమ్మిదేళ్ళు పట్టింది. ఇద్దరినీ కలిపి తిట్టాలనిపించింది కానీ పెద్దవాళ్ళు.

బాబాయి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పిన్ని వైపు తిరిగి అడిగాడు. "ఆ రోజు బాగా భయమేసిందా?"

"వేసింది" అంది పిన్ని వెంటనే. పందొమ్మిదేళ్ళుగా నాలుక చివరే ఉన్నట్టుంది ఆ మాట. "లైటు కూడా పోయింది. పుస్తకాలు తిరిగి ఇవ్వనివాళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పుకుంటూ నిలబడ్డాను. నలభై దాకా వచ్చాయి. తర్వాత పేర్లు అయిపోయాయి. అప్పుడు ఏడ్చాను."

"నేను అడగాల్సింది. తప్పు నాది."

"అవును" అంది పిన్ని. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని మామూలు గొంతుతో, "తాతగారి లిఫ్టు ఉన్న హోటలు ఖాయం చెయ్యి అమ్మాయ్. దాని కిటికీలోంచి ఏరు కనబడుతుందన్నావుగా" అంది నాతో.

బాబాయి నోరు తెరిచాడు. ఆ లిఫ్టు తాళ్ళ గురించి ఏదో అనబోయి, పిన్ని వైపు చూసి, మూసేశాడు.

నాలుగుంపావుకు ముగ్గురం బయటికి వచ్చాం. పిన్ని మెట్లవైపు తిరగలేదు. తనే బటను నొక్కింది. లిఫ్టు వచ్చింది, ఎక్కాం. అలవాటు కొద్దీ బాబాయి మోటారు చప్పుడు వినడానికి గోడకు చెవి ఆనించబోయాడు. సగంలో ఆగి, నిటారుగా నిలబడి, "బాగానే ఉన్నావా?" అని అడిగాడు.

"బాగానే ఉన్నాను" అంది పిన్ని. ఆవిడ లోపలంతా కలయచూస్తోంది. మా లిఫ్టులో నిలువెత్తు అద్దం ఉంది, గోడకు మడిచిపెట్టే చిన్న పీట ఉంది, కరెంటు పోయినా వెలిగే దీపం ఉంది. బాబాయి చూసే మిగతా ఇరవై రెండు లిఫ్టుల్లో ఇవేవీ లేవు. ముసలివాళ్ళ మీద ఇంత దయ ఉన్నందుకు భవనం సంఘంవాళ్ళు ఒకసారి ఆయనకు గొడుగు బహుమతిగా ఇచ్చారు. ఆయన కాదనకుండా పుచ్చుకున్నాడు.

"ఇవన్నీ ఎప్పుడు పెట్టారు?" అంది పిన్ని.

"నువ్వు ఇరుక్కున్న మరుసటి వారం" అన్నాడు బాబాయి. "అద్దం ఉంటే లోపల ఒంటరిగా అనిపించదని ఎవరో చెప్పారు. నువ్వు మళ్ళీ ఎక్కుతావనుకున్నాను."

పిన్ని అద్దంలోంచి ఆయన్ని చూసింది, ఈసారి కళ్ళద్దాల పైనుంచి కాదు. పీట కిందికి దించి దాని మీద కూర్చుంది. ఎవరి కోసం అమర్చారో ఆ మనిషి కూర్చోవడానికి ఆ పీట పందొమ్మిదేళ్ళు ఆగింది.

కింద తలుపు తెరుచుకుంది. నేను దిగాను. వాళ్ళు దిగలేదు.

"ఇంకోసారి పైకి తీసుకెళ్ళండి" అంటోంది పిన్ని.

"టికెట్లు" అన్నాను నేను. పిన్ని కూర్చున్నచోటి నుంచే పాస్‌పోర్టులున్న సంచి నా చేతికిచ్చింది. తలుపు మూసుకుంది. నేను ఒక్కదాన్నే టికెట్ల ఆఫీసుకు వెళ్ళి అయిదుకు ఏడు నిమిషాల ముందు రెండు సీట్లూ ఖాయం చేయించాను.