మూడో డబ్బా

డెబ్బైల్లో, కరువు రోజుల్లో, నాందేడ్‌లో ఒక కాలేజీ ల్యాబులో నేను పండ్ల ఈగలను పెంచాను. మేతలో ఏది తీసేస్తే ఈగ పిల్ల ఎదగదో తేల్చడం నా పరిశోధన. మొదటి డబ్బాలో మక్కపిండి, రెండోదాంట్లో బెల్లం, మూడోదాంట్లో ఈస్టు పొడి; నేను డబ్బా నెంబరు చెబితే తీసి ఉడికించి సీసాల్లో పోసేది ల్యాబు అటెండరు. అదే జిల్లాలోని హిమాయత్‌నగర్ మనిషి, మా నాన్న వయసు. ఆ మరాఠీ ఊళ్లో ఇద్దరం తెలుగువాళ్లమని నాతో ఇంటి సంగతులు చెప్పుకునేవాడు. నేను సగమే వినేదాన్ని.

ఈస్టు వేయని సీసాల్లో పురుగులు ఎదగకుండా అట్లాగే ఉండిపోయాయి. ఆయన రోజూ వాటిని కిటికీ దగ్గర పెట్టి చూసేవాడు.

"ఈ పొడి ఏసినయే బలుస్తున్నయి. మనుషులు తినొచ్చునా మేడం?" అని ఒకనాడు అడిగాడు.

"ఈగల తిండి మీద పడ్డదా నీ కన్ను కాకా?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "మా ఇంటిదానికి చేతులు, మెడ కాలినట్టు నల్లగైనయి. నాలుకంత పుండ్లు. జొన్నరొట్టె తప్ప ఏం లేదాయె. మాటలు గూడ మరుస్తుంది."

"దవాఖానకు తీస్కపో" అన్నాను, తూకం మీంచి తలెత్తకుండా. ఒట్టి జొన్నలే తినేవాళ్లకు వచ్చే ఆ జబ్బు గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఏం చదువో, మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే తట్టలేదు.

నెల తర్వాత ఈస్టు ఎందుకు తగ్గిందని ప్రొఫెసరు గట్టిగా అడిగాడు. నా మీదికి వస్తుందన్న భయంతో కాకా అడిగిన సంగతి చెప్పేశాను. ఆ సాయంత్రమే ఆయన్ని పనిలోంచి తీసేశారు.

వానలు మొదలయ్యాక బస్టాండులో కనిపించాడు. ఇంట్లో ఎట్లున్నదని అడిగాను.

"పోయింది మేడం. పదిహేను దినాలైంది." ఆయనే మళ్లీ అన్నాడు. "తప్పు నాదే. రోజుకొక చెంచెడు జావల కలిపిచ్చిన. నాలుక మానింది, చేతులు తెలుపు తిరిగినయి. మేడంకు చూపెడ్త రమ్మంటే సిగ్గుపడ్డది. పొడి బందైనంక మల్ల మంచం పట్టింది."

బస్సు వస్తే ఎక్కబోయి, ఆయన మళ్లీ నా వైపు తిరిగాడు.

"మీరు మూడో డబ్బా అనేటోళ్లు. అప్పుడు మందుల దుకాణంల గట్లనే అడిగితే నవ్విండ్రు. దాని పేరేంది మేడం?"

"ఈస్టు" అన్నాను.

ఆయన ఆ మాటను మెల్లగా రెండుసార్లు పలికి చూసుకుని బస్సెక్కాడు.