కుడివైపు మర

బళ్లల్లో అందరూ ఆమెను బొమ్మలక్క అనేవారు. గుండె, కన్ను, చెవి, ఇలా పాఠానికి కావలసిన నమూనాలు చేసివ్వడం ఆమె పని. వీధి చివరి మేడమీద పొడవాటి గది ఒకటే. తెరకు ఇవతల పనిచోటు, అవతల మంచం, పొయ్యి. ఒకప్పుడు ఆ గదిలో ఇద్దరుండేవారు. పెళ్లి వద్దనుకున్న అన్న, పెళ్లి కుదరని చెల్లెలు. అన్న గీసేవాడు, చెల్లెలు చేసేది. అన్న పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచి రోజు మొత్తానికి ఆమె నోట వచ్చేవి నాలుగు మాటలే, అవీ కొట్టువాడితో.

బళ్లవాళ్లు ఎక్కువగా అడిగేది డీఎన్ఏ నమూనా. రెండు అల్యూమినియం తీగలు, మధ్యలో అడ్డకమ్మీలు, కమ్మీకి రెండేసి చెక్కపూసలు. ఎరుపుకు ఎదురు పసుపే ఉండాలి, ఆకుపచ్చకు ఎదురు నీలమే. అన్న నేర్పిన ఆ జతల్ని ఆమె ఎన్నడూ తప్పలేదు. అన్నీ బిగించాక నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టేది.

ఒక సోమవారం మధ్యాహ్నం ఫోను మోగింది. ఒక బళ్లో కొత్తగా చేరిన జీవశాస్త్రం టీచరు.

"ఏమీ అనుకోకండమ్మా. మీ డీఎన్ఏ ఎదురు తిరిగి ఉంది."

"పూసలు సరిగ్గానే ఉన్నాయిగా?"

"పూసలు బాగున్నాయి. మెలికే తేడా. మామూలు స్క్రూ మర ఎటు తిరుగుతుందో, ఇదీ అటే తిరగాలి."

ఆమె బల్లమీది స్క్రూ ఒకటి తీసి నమూనా పక్కన పెట్టింది. నిజమే. రోజూ స్క్రూలతోనే బతికే మనిషికి ఇన్నేళ్లూ అది కంటపడలేదు. పెట్టె అడుగున అన్న గీసిన పల్చటి కాగితం దొరికింది. పుస్తకంలోని బొమ్మను దానిమీద దించుకుని, తర్వాత కాగితాన్ని తిరగేసి పెట్టుకున్నాడు. తిరగబడ్డ ఆ గీతను చూసే ఆమె మొదటిది చేసింది, మొదటిదాన్ని చూసి మిగతావన్నీ.

"చూశావా అన్నయ్యా నీ నిర్వాకం," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించి తలుపు వైపు చూసింది. నవ్వడానికి పక్కన మనిషి లేకపోతే నవ్వు కూడా సగంలోనే ఆగిపోతుందని ఆమెకు అప్పుడు తెలిసింది.

మర్నాటినుంచి స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని బళ్లు తిరిగింది. మరలు వదులు చేసి, మెలిక విప్పి, అటువైపు తిప్పి మళ్లీ బిగించడం గంట పని. కొన్ని నమూనాలు బీరువాల్లో దుమ్ము కొట్టుకుపోయాయి. ఒకచోట ప్రధానోపాధ్యాయుడు తల కూడా ఎత్తలేదు.

"ఎవరూ అడగనిదానికి ఎందుకమ్మా ఈ తిరుగుడు?"

"నేను చేసిన తప్పండీ," అంది. అన్న పేరు ఎత్తలేదు.

ఫోను చేసిన టీచరు బడికి అన్నిటికన్నా చివర వెళ్లింది. టీచరు ఆమెను నేరుగా తరగతిలోకి తీసుకెళ్లి, "చేసినావిడే చెబితే బాగుంటుంది," అంది. ఆమె సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి నమూనా మరలు వదులు చేయసాగింది. చేతులు కదిలాక మాట దానంతటదే వచ్చింది. కమ్మీల్ని మధ్యకు విడదీసింది.

"కణం రెండు కావాలంటే ముందు ఇది రెండు కావాలి. ఇలా విడిపోతుంది. ఈ పోగులో ఎరుపుంటే పసుపొచ్చి చేరుతుంది, నీలముంటే ఆకుపచ్చ. అటు పోగుకూ అంతే. చివరికి రెండు నిచ్చెనలు, ఒక్కోదాంట్లో పాత పోగొకటి, కొత్త పోగొకటి. మీ అమ్మానాన్నల పోలికలు మీదాకా వచ్చింది ఇలాగే."

"మధ్యలో తప్పు పడితేనో?" అని ఒక అమ్మాయి అడిగింది.

"దిద్దే ఏర్పాటు లోపలే ఉంటుందట. అయినా ఏ ఒకటో అరో తప్పించుకుంటుంది. ఆపైన కణం ఆ తప్పునే ఒప్పనుకుని రాసుకుంటూ పోతుంది." ఆ మాటంటూ చేతిలోని పోగును ఇటూ అటూ తిప్పి చూసింది. పిల్లలు అది పాఠమే అనుకున్నారు.

గంట కొట్టాక టీచరు, "టీ తాగి వెళ్దురుగాని, కూర్చోండి," అంది.

"బస్సుకు వేళయిందమ్మా," అనేసింది. అలవాటుగా వచ్చిన మాట. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లెవరూ లేరు, బస్సులైతే అరగంటకొకటి ఉన్నాయి. రెండు స్టాపులు దాటాక గాని ఆ సంగతి ఆమెకు తట్టలేదు. దిగి వెనక్కి, టీచరు దగ్గరికి వెళ్దామా అని లేచి నిలబడింది. తను లేచిన సీటులో ఎవరో కూర్చున్నారు. మిగిలిన దారంతా కమ్మీ పట్టుకుని నిలబడే వెళ్లింది.